పెళ్లి సంబంధాల సైట్లను ఏమీ అనకండి, పాపం

పెళ్లి సంబంధాల సైట్లనీ డేటింగ్ యాప్‌లనీ మన గుంటూరు జనం ఈమధ్య మరీ అన్యాయంగా ఆడిపోసుకుంటున్నారు. బ్రాడీపేట టిఫిన్ సెంటర్లలో, అరండల్‌పేట అపార్టుమెంట్ల లిఫ్టుల్లో ఇదే గోల. ఎవరి అమ్మాయికో సైటులో లండన్ డాక్టరు దొరికాడట, బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోయాడట, సైటు వాళ్లని అడిగితే "మాకేం సంబంధం" అన్నారట. సంబంధాలు చూడటమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు అంత వినయంగా మాకేం సంబంధం అంటుంటే మెచ్చుకోవాల్సింది పోయి తిట్టడమేమిటి? ఈ దౌర్జన్యం చూడలేక కంపెనీల తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను. వాళ్లు అడగలేదు. ఫీజు కూడా వద్దు.

ముందుగా ఒక నింద తొలగించాలి. సైట్లు ఏమీ అడక్కుండా ఎవర్ని పడితే వాళ్లని చేర్చుకుంటాయని అంటారు. శుద్ధ అబద్ధం. ఒక్కసారి ఆ ఫారం నింపి చూడండి, తల ప్రాణం తోకకొస్తుంది. కులం, అందులో శాఖ, గోత్రం, ఎత్తు, రంగు, జీతం, సొంతిల్లుందా, తాగుతాడా, తాగితే ఎప్పుడెప్పుడు, కుజదోషం ఉందా. నక్షత్రం ఉత్తర అంటే సరిపోదు, ఎన్నో పాదమో చెప్పాలి. ఒకటో పాదమైతే సింహరాశి, రెండోదైతే కన్యారాశి, చిన్న తేడానా? ఇంత శ్రద్ధగా పాదాలు లెక్కపెట్టిన సైటు, ఆ పాదాలు గల మనిషి ఒకడు భూమ్మీద ఉన్నాడా లేడా అన్నది మాత్రం అడగదు. అది ఆయన వ్యక్తిగత విషయం. ఇంతకు ముందే పెళ్లయిందా అన్న ప్రశ్నకి నాలుగు జవాబులిచ్చి, మీకు నచ్చింది ఎంచుకోమంటుంది. అంతకన్నా మర్యాద ఏముంటుంది?

ప్రొఫైలు పక్కన మెరిసే ఆ పచ్చ టిక్కు గురించి కూడా చాలామందికి అపార్థం ఉంది. అది కనిపిస్తే మనిషి నికార్సైనవాడని అమ్మానాన్నలు అనుకుంటారు. చాలా చోట్ల ఆ టిక్కు చెప్పేది ఒక్కటే: ఈ సిమ్‌కార్డు పనిచేస్తోంది. ఓటీపీ పంపారు, ఓటీపీ వచ్చింది, వరుడు వెరిఫైడ్. సిమ్‌కార్డుతో కాపురం చేసేవాళ్లకి ఇంతకు మించిన భరోసా లేదు.

తనిఖీ చెయ్యడం వాళ్లకి చేతకాదని మాత్రం అనకండి. మీరు ప్యాకేజీకి డబ్బు కట్టే రోజు చూడాలి వాళ్ల నిఘా. కార్డు మీద పదహారు అంకెలు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు, మళ్లీ ఓటీపీ. ఒక్క అంకె తేడా వస్తే తిప్పి కొడుతుంది. మీ డబ్బు అసలుదేనా అన్న విషయంలో రాజీ లేదు. అవతలి మనిషి విషయంలో సర్దుకుపోతారు. సంసారమన్నాక సర్దుకుపోవాలి కదా.

ఇక అందరూ శాపనార్థాలు పెట్టే ఆ లండన్ డాక్టరు సంగతి. ఆయన వివరాలు ఏ ఊళ్లో విన్నా ఒక్కలాగే ఉంటాయి. ఎముకల డాక్టరు. భార్య పోయింది. ఒక పాప. దేవుడంటే భయం, భారతీయ సంస్కృతి అంటే ప్రాణం. చిన్నప్పుడే వెళ్లిపోయాడు గనక తెలుగు రాదు. రెండో రోజుకల్లా "ఈ యాప్ సరిగ్గా పనిచెయ్యట్లేదు, వాట్సాప్‌లో మాట్లాడుకుందాం" అంటాడు. ఇది సైటుకి ఆయన చేసే మహోపకారం. గుమ్మం దాటాక ఏం జరిగినా సైటు ఆవరణలో జరిగినట్టు కాదు గదా. ఆ తర్వాత పొద్దున, మధ్యాహ్నం, రాత్రి "తిన్నావా?" అని మెసేజీ. మీరు నవ్వుతారు గానీ, రోజుకి మూడుసార్లు తిన్నావా అని అడిగే మగవాడు మన జిల్లాలో పెళ్లయ్యాక కూడా దొరకడు. ఆయన కిటుకంతా అక్కడే ఉంది. "చదువుకున్న పిల్ల, బ్యాంకులో ఉద్యోగం, ఎలా నమ్మిందమ్మా" అని బుగ్గలు నొక్కుకునే పిన్నిగార్లు ఈ ముక్క కాస్త ఆలోచించాలి. ముప్పైఆరేళ్లొచ్చినా పెళ్లి కాలేదని ప్రతి పేరంటంలోనూ ఆ పిల్లని గుచ్చి గుచ్చి అడిగింది లండన్ డాక్టరు కాదు.

మూడు వారాలకి పార్శిల్ బయల్దేరుతుంది. బంగారం గొలుసు, ఐఫోను, పౌండ్ల కట్ట, పాప గీసిన బొమ్మ. అది దిల్లీ ఎయిర్‌పోర్టులో ఆగిపోతుంది. కస్టమ్స్ ఆఫీసరునంటూ ఒకావిడ హిందీలో ఫోన్ చేసి 38,500 కట్టమంటుంది. చివర ఐదొందలుంటే ప్రభుత్వ ఫీజులా కనిపిస్తుంది, గమనించండి. కట్టాక ఇంకేదో సర్టిఫికెట్టుకి ఇంకో ఫీజు, ఆ తర్వాత జరిమానా. డబ్బంతా ఎవడిదో సొంత ఖాతాలోకి వెళ్తుంది. అసలు కస్టమ్స్ శాఖ ఎవరి సొంత ఖాతాలోకీ డబ్బు పంపమనదు. ఈ మాట సైటు వాళ్లు తమ యాప్ మొదటి పేజీలో పెద్దక్షరాలతో పెట్టొచ్చు. కానీ అక్కడ జాగా లేదు. నవ్వుతున్న కొత్త దంపతుల ఫొటో ఉంది.

విజయవాడ హాస్టళ్లలో కుర్రాళ్ల సిలబస్ వేరు. అర్ధరాత్రి ఒక వీడియో కాల్, రెండు నిమిషాలు, ఆ పైన దాని రికార్డింగు చూపించి నెలల తరబడి బెదిరింపులు. సిగ్గుతో ఇంట్లో చెప్పరు, పోలీసులకి చెప్పరు. కాస్త డబ్బున్న పెద్దవాళ్లకైతే క్రిప్టో, అంటే ఆన్‌లైన్ కరెన్సీలో పెట్టుబడి. మొదట పది వేలు పెట్టిస్తారు, పన్నెండు వేలు నిజంగానే చేతికిస్తారు, ఆ పైన ఇల్లు తాకట్టు పెట్టిస్తారు.

ఇంకో సంగతి. ఆ "డార్లింగ్" అని టైపు చేసేవాడు మన వాడే అయ్యుండొచ్చు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు మన కుర్రాళ్లని తీసుకెళ్లి, అక్కడ గదుల్లో పెట్టి సైబర్ మోసాలు చేయించారు. చెప్పినట్టు చెయ్యకపోతే హింస. అంటే ఇటు ఫోన్ పట్టుకున్నవాళ్లూ బాధితులే, అటు కీబోర్డు ముందు కూర్చున్నవాళ్లూ బాధితులే. మధ్యలో ఉన్నవాళ్లకి మాత్రం చందా ముట్టింది.

మరి పాతకాలపు పెళ్లిళ్ల పేరయ్యలు అబద్ధాలాడలేదా అని సైట్ల అభిమానులు అడగొచ్చు. ఆడారు. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నది మనవాళ్లే. నలభై దాటినవాడిని ముప్పైనాలుగన్నారు, గుమాస్తాని ఆఫీసరన్నారు, బట్టతలని విశాలమైన నుదురన్నారు. కానీ ఎంత ఘరానా పేరయ్య అయినా, అసలు లేని పెళ్లికొడుకుని చూపించలేదు. ఆ నైపుణ్యం ఆయనకి లేదు. పైగా ఆయనకి ఒక ఇల్లుండేది. తేడా వస్తే పొద్దున్నే పెళ్లికూతురు మేనమామలు నలుగురు ఆ ఇంటి గుమ్మంలో నిలబడి "ఏవయ్యా పేరయ్యా" అని పిలిచేవాళ్లు. "గారు" పోయిన ఆ పిలుపే అప్పటి వినియోగదారుల చట్టం. ఇంకో వెనకబాటుతనం కూడా ఉంది. పేరయ్య తన డబ్బు తాంబూలాలయ్యాక తీసుకునేవాడు. సైటు ముందే తీసుకుంటుంది. ప్రగతి అంటే ఇదే.

మన మిర్చి యార్డు వాళ్లకీ ఈ ప్రగతి అందలేదు. అక్కడ టిక్కీ, అదే మిర్చి బస్తా, విప్పకుండా కొనమంటే ఒక్కడూ కొనడు. చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగునుంచి నాలుగు కాయలు తీసి, విరిచి, ఊపి, గలగల వినబడితే గానీ రేటు చెప్పడు. తేమ ఉంటే ధర తెగ్గోస్తాడు. రంగు పోయిన తాలు కాయని వేరే పెట్టి వేరే రేటు కడతాడు. పైన మంచి కాయ, లోపల తాలు పోసి పంపిన రైతుని కమిషన్ ఏజెంటు పేరు పెట్టి పిలిచి అడుగుతాడు, ఎందుకంటే మర్నాడు వ్యాపారి తన కొట్టు ముందుకొచ్చి నిలబడతాడని తెలుసు. "లోపల ఏముందో నాకు తెలీదు, నేను మధ్యవర్తిని" అని ఒక్కసారి అంటే ఆ కొట్టు మళ్లీ తెరుచుకోదు. క్వింటాలు తేజ మిర్చికి ఉన్న రక్షణ తేజ అనే అమ్మాయికి లేదని కొందరు అంటారు. చాదస్తులు.

చట్టం మా కక్షిదారుల పక్షానే ఉందండి. ఐటీ చట్టం 2000, సెక్షన్ 79. మధ్యవర్తి వేదిక మీద మూడోవాళ్లు పెట్టిన సమాచారానికి మధ్యవర్తి బాధ్యుడు కాడు. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా గట్టిపరిచి, కోర్టు గానీ ప్రభుత్వం గానీ ఆదేశిస్తేనే తీసెయ్యాలంది. అది జనం మాట్లాడే స్వేచ్ఛ కోసం ఇచ్చిన తీర్పు. లండన్ డాక్టరుకి కూడా పనికొస్తుందని అప్పుడెవరూ అనుకుని ఉండరు. కాకపోతే ఆ సెక్షన్‌లో చిన్న మెలికలున్నాయి. తగిన జాగ్రత్త తీసుకోవాలి. సమాచారం ఎవరికి చేరాలో మధ్యవర్తి తానే ఎంపిక చెయ్యకూడదు. ఇప్పుడు మీ ఫోన్ తీసి చూడండి. "ఈ రోజు మీకోసం ప్రత్యేకంగా ఎంపిక చేసిన 10 సంబంధాలు." పొద్దున ఏడింటికి ఎంపిక చేసినవాళ్లు, పదకొండింటికి కోర్టులో మేమెవర్నీ ఎంపిక చెయ్యలేదంటారు. మధ్యలో టిఫిన్ చేసుంటారు, మర్చిపోయుంటారు.

2016 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం మ్యాట్రిమోనీ సైట్లకని ఒక సలహాపత్రం కూడా ఇచ్చింది. చేరేవాళ్ల గుర్తింపు పత్రాలు తీసుకోండి, ఏ నెట్ కనెక్షన్ నుంచి వచ్చారో చెప్పే ఐపీ అడ్రసు నమోదు చేసి పెట్టుకోండి, ఫిర్యాదులకి ఒక అధికారిని పెట్టండి అని. 2021లో వచ్చిన ఐటీ నిబంధనలు ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పమన్నాయి. ఈ రెండో దాన్ని సైట్లు అక్షరాలా పాటిస్తున్నాయి. అందింది అని చెబుతాయి. అక్కడితో ఆగుతాయి.

అమెరికాలో కూడా మా వాళ్లకి కష్టాలే. అక్కడ వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో, డేటింగ్ సైట్లు నడిపే మ్యాచ్ గ్రూప్ అనే కంపెనీ మీద కేసు వేసింది. ఆరోపణ వినండి. మోసగాళ్లేమోనని కంపెనీకే అనుమానం వచ్చిన ఖాతాల నుంచి వచ్చే మెసేజీలు చందా కట్టినవాళ్లకి వెళ్లకుండా ఆపి, చందా కట్టనివాళ్లకి మాత్రం "మీరంటే ఒకరికి ఇష్టం, ఎవరో చూడాలంటే చందా కట్టండి" అని పంపారట. కంపెనీ కాదంది. అక్కడి మధ్యవర్తి రక్షణ చట్టాన్ని చూపించి కోర్టు 2022లో ఆ ఆరోపణల్ని కొట్టేసింది. గ్యారంటీ షరతులు, చందా రద్దు లాంటి మిగతా వాటి మీద 2025లో కోటీ నలభై లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. చందా కట్టినవాళ్లకి మెసేజీలు ఆపగలిగారన్నది నిజమే అయితే, మోసగాణ్ని పట్టే యంత్రం వాళ్ల దగ్గర ఉన్నట్టే గదా అని మీరు అడగబోతున్నారు. అడక్కండి. అలాంటి ప్రశ్నలకి ప్లాటినం ప్యాకేజీ తీసుకోవాలి.

నిజానికి మోసగాణ్ని తీసెయ్యమనడమే అమానుషం. సైటు కళ్లతో చూడండి. నిజమైన పెళ్లికొడుకు మూడు రోజులకోసారి తెరుస్తాడు, ఫొటో సరిగ్గా పెట్టడు, జవాబు వాళ్లమ్మగారు రాస్తారు, సంబంధం కుదిరితే ఖాతా మూసేసి వెళ్లిపోతాడు, కృతజ్ఞత లేకుండా. లండన్ డాక్టరో? పగలూ రాత్రీ ఆన్‌లైన్. అడిగిన అరనిమిషంలో జవాబు. ప్రొఫైలు నూటికి నూరు శాతం నిండి ఉంటుంది. ఒక ఖాతా మూసేస్తే సాయంత్రానికి రెండు తెరుస్తాడు. జవాబులు తొందరగా ఇచ్చేవాణ్ని పైకి చూపించమని యంత్రానికి నేర్పితే, అది ఎవర్ని చూపిస్తుంది మరి?

సైటు పోలీసు కాదు, ఆ పని పోలీసులే చెయ్యాలన్నది మా వాదన. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, ఖాతాలో ఇంకా మిగిలి ఉన్నదాన్ని ఆపే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ అది ఖాతాలు మారిపోతుంది. అదే ఐటీ చట్టం సెక్షన్ 66డి కింద, కంప్యూటరు వాడి మరొకరిలా నటించి మోసం చేసినవాడికి మూడేళ్ల వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా. దొరికితే. దొరకడానికి ఐపీ అడ్రసు ఇవ్వండి అని పోలీసులు సైటుకి రాస్తారు. సైటు ఆలోచిస్తుంది. వినియోగదారుల గోప్యత ముఖ్యం.

ఇక మా కక్షిదారులకి నిద్రపట్టనివ్వని విషయం ఒకటుంది. ఇది బయటికి చెప్పకుండా ఉండాల్సింది. ప్యాకేజీ కట్టినవాడు వినియోగదారుడే. షరతుల్లో "వివాదాలన్నీ కంపెనీ ఉన్న ఊళ్లోనే" అని ఎంత సన్నక్షరాలతో రాసుకున్నా, వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం ఫిర్యాదు చేసేవాళ్లు తాము ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు. అంటే గుంటూరు వాళ్లు గుంటూరులోనే. కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రుసుం లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ల గడువుంది. వెరిఫైడ్ అని అమ్మి వెరిఫై చెయ్యకపోవడం సేవలో లోపమా కాదా అన్నది అక్కడ కూర్చున్నవాళ్లు తేలుస్తారు. ఇది గనక నలుగురికీ తెలిస్తే, ముంబై నుంచో చెన్నై నుంచో కోటూ బూటూ వేసుకున్న కంపెనీ వకీళ్లు వాయిదా వాయిదాకీ గుంటూరు స్టేషన్లో దిగాలి.

అందుకని బాధితులకి నాదొక్కటే విన్నపం. వెయ్యదలుచుకుంటే డిసెంబరులో వెయ్యండి. మే నెల ఎండకి ఆ కోట్లతో లాడ్జి సెంటర్ దాకా కూడా రాలేరు వాళ్లు.