వెళ్లేముందు ఇచ్చే శిక్షణ ఒక్కటే సరిపోదు
బయల్దేరే ముందు గట్టి శిక్షణ ఇస్తే విదేశీ ప్రాజెక్టుల్లో వాలంటీర్లకు ప్రమాదాలు చాలావరకు తప్పుతాయని వ్యాసంలో రాశారు, నా అనుభవంలో అది సగమే నిజం. సముద్ర తాబేళ్ల సంరక్షణకు వెళ్లినప్పుడు మాకు పాముల గురించి, అలల గురించి రెండు రోజులు చెప్పారు, కానీ రోజూ తీరానికి తీసుకెళ్లే జీపులో వెనక సీట్లకు బెల్టులే లేవు. విదేశాల్లో ప్రయాణికుల ప్రాణాలు తీసేవాటిలో రోడ్డు ప్రమాదాలు ముందు వరుసలో ఉంటాయి, అడవి జంతువులు కాదు. ఒక రాత్రి గస్తీలో, ఎర్ర టార్చి తప్ప వేరే వెలుగు లేని చోట, మాతో ఉన్న అమ్మాయిని కుక్క కరిచింది. సబ్బు నీళ్లతో పావుగంట కడిగాం. ముందే రేబిస్ టీకా వేయించుకుంది కాబట్టి తర్వాత రెండు డోసులతో సరిపోయింది, లేదంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా కావాలి, మారుమూల ఆస్పత్రుల్లో అది చాలాసార్లు దొరకదు. సిగ్నల్ లేక కోఆర్డినేటర్‌ను పట్టుకోవడానికే గంటన్నర పట్టింది, ఆ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. వెళ్లాలనుకునేవాళ్లు దయచేసి శిక్షణ ఎన్ని రోజులని అడిగి ఊరుకోకండి, అర్ధరాత్రి ఏదైనా అయితే ఎవరు, ఏ బండిలో, ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారో అడగండి, ఇన్సూరెన్స్‌లో అత్యవసర తరలింపు ఉందో లేదో కాగితం మీద చూసుకోండి.