ఓడిన పూట తిండి

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం కార్యవర్గ సమావేశంలో, అందరం హాల్లో కలిసి మ్యాచ్ చూసే వచ్చే క్రికెట్ వాచ్ పార్టీకి ఎవరేం తెస్తారో రాసుకునే ఫుడ్ సైనప్ షీట్ తయారవుతుంటే, మ్యాచ్ నడిచేంతసేపూ కౌంటర్ తెరిచి ఉంచొద్దని అడిగాను. "ఓడిపోయిన రోజైనా మనుషుల్ని కడుపునిండా తిననీ అక్కా" అన్నాడు ఒక తమ్ముడు. అందరూ నవ్వారు. ప్రేమతోనే అన్నాడని తెలుసు. అయినా ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. 2023 నవంబర్ 19న మన హాల్లో నేనూ ఉన్నాను మరి.

ఇక్కడ మనకు తెల్లవారుజామున మూడున్నరకు మొదలైన ప్రపంచ కప్ ఫైనల్ అది. అహ్మదాబాద్‌లో మనవాళ్ళు 240కి ఆలౌటయ్యారు. ఆస్ట్రేలియా 47 పరుగులకు 3 వికెట్లు పోగొట్టుకున్నప్పుడు మన హాల్లో ఒక్కరూ కుర్చీ వదల్లేదు. తర్వాత హెడ్, లబుషేన్ పాతుకుపోయారు. వికెట్ పడదు, పరుగులు ఆగవు. మధ్యాహ్నానికని తెచ్చిన బిర్యానీ ట్రేల మూతలు పొద్దున తొమ్మిదిన్నరకే లేచాయి. అప్పటికి టిఫిన్లు తిని గంట కూడా కాలేదు, అయినా లైను తలుపు దాకా సాగింది.

ఆ లైనులో ప్రొద్దుటూరు వైపు నుంచి కూతురింటికి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. షుగర్ మనిషి. ఇంటి నుంచి జొన్నరొట్టె, పప్పు డబ్బాలో తెచ్చుకున్నారు. ఆ డబ్బా మూత తీయకుండా ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తెర మీంచి తిప్పకుండా, రెండు ప్లేట్ల బిర్యానీ, గులాబ్ జామున్లు తిన్నారు. ఏం తింటున్నారో ఆయనకు తెలుస్తున్నట్టు లేదు. ఆ రాత్రి షుగర్ నాలుగు వందలు దాటి ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

మా సీమ అలవాట్లను వెనకేసుకొచ్చి ఇక్కడి వాళ్ళను తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. 2003 మార్చి 23, ఆదివారం, ఆస్ట్రేలియాతో ప్రపంచ కప్ ఫైనల్. అనంతపురంలో మా ఇంటి టీవీ ముందు వీధిలో సగం మంది ఉన్నారు. జహీర్ మొదటి ఓవర్లోనే 15 పరుగులిచ్చాడు. పాంటింగ్ 140 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. 359 పరుగులు! ఇన్నింగ్స్ అయిపోగానే నాన్న ఎవరితోనూ మాట్లాడకుండా సంచి తీసుకుని క్లాక్ టవర్ దగ్గరికి వెళ్ళి మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చారు. ఆయనకూ షుగరే. ఒక్కొక్కటే తుంచకుండా నోట్లో పెట్టుకుంటున్నారు. అమ్మ రెండుసార్లు చూసింది, మూడోసారి పొట్లం లాగేసుకుంది.

ఆ ముందటి ఖరీఫ్‌లో వానల్లేవు. ఊళ్ళో పొలం ఎండిపోయింది. ఇంట్లో ఉన్నవి విత్తనానికని దాచిన చెనక్కాయలే. అమ్మ ఆ మూటలోంచి ఒక చేటెడు తీసి వేయించి, పేపరు పరిచి మధ్యలో పోసింది. "ఇంగ చాలు. ఇవి ఒల్చుకోని తినండి" అంది. విత్తనం కాయలని నాన్నకు తెలుసు, మాకూ తెలుసు. సచిన్ మొదటి ఓవర్లోనే 4 పరుగులకు అవుటయ్యాడు. అయినా ఎవరూ బజ్జీల వైపు చూడలేదు. ఒక కాయ చితకాలి, పప్పు తీయాలి, పొట్టు ఊదాలి. చేతులకు పని దొరికేసరికి నాన్నకు నోట్లోంచి మాట వచ్చింది. మ్యాచ్ గురించి కాదు, పొలం గురించి. వచ్చే జూన్‌కు విత్తనం ఎక్కడ తేవాలి, నా కాలేజీ ఫీజు ఎట్లా కట్టాలి అని. 125 పరుగుల తేడాతో ఓడిపోయేసరికి తొమ్మిదైంది. మా ముందు పొట్టు కుప్ప ఉంది, బజ్జీలు చల్లారిపోయి ఉన్నాయి.

నాన్న కిడ్నీలు పాడై 2016లో పోయారు. ఆ ఒక్క పూట బజ్జీల వల్లని అనను.

2011 ఏప్రిల్ 2న ధోని సిక్స్ కొట్టిన రాత్రి కూడా సెలవుకెళ్ళి ఆ ఇంట్లోనే ఉన్నాను. వీధంతా బయటే ఉంది. సంగటి ముద్దలు తెల్లారేదాకా గిన్నెలో అట్లాగే ఉండిపోయాయి. గెలిచిన రాత్రి అన్నం గుర్తు రాలేదు.

ఇది మా ఇంటి కథ మాత్రమే అనుకునేదాన్ని. కార్నిల్, షాండన్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం చదివాక ఆశ్చర్యపోయాను. ఆదివారం తమ ఊరి ఫుట్‌బాల్ జట్టు ఓడితే, సోమవారం అమెరికా అభిమానుల తిండిలో సంతృప్త కొవ్వు మామూలు కంటే 16 శాతం పెరిగింది. గెలిస్తే 9 శాతం తగ్గింది. కొద్దిలో ఓడిన మ్యాచ్‌లకు ఈ ప్రభావం ఇంకా ఎక్కువ. అది వాళ్ళ ఫుట్‌బాల్, మనది క్రికెట్. అయినా ఆ పెద్దాయన ప్లేటు నా కళ్ళ ముందుకొచ్చింది. ఓటమి తర్వాత తమకు జీవితంలో ఏవి ముఖ్యమో కాసేపు రాయమంటే, ఆ నూనె తిండి మీద యావ పోయిందని కూడా అందులో ఉంది. నాన్న పొలం గురించి, నా చదువు గురించి మాట్లాడింది అదే కదా అనిపించింది.

తినొద్దని నేననడం లేదు. రాత్రంతా మేలుకుని వంట చేసిన చేతులను తక్కువ చేయడం కూడా కాదు. పండక్కి ఓళిగలు, వనభోజనాలకు బిర్యానీ ఉండాల్సిందే. 2025 నవంబర్ 2న మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉన్న భారత మహిళల జట్టు ప్రపంచ కప్ గెలిచినప్పుడు హాల్లో తెచ్చిన వడల్లో సగం మిగిలాయి, ఎవరూ బాధపడలేదు. నా భయమంతా ఓడే రోజు గురించే. ఆ రోజు మన పెద్దవాళ్ళకు దిక్కు తెరిచిన ట్రే ఒక్కటే కాకూడదు. పక్కన మాట్లాడే మనిషి ఒకరుండాలి.

అందుకే కార్యవర్గానికి మళ్ళీ అడుగుతున్నాను. రెండో ఇన్నింగ్స్ ముగిసేదాకా ట్రేలు మూసే ఉంచండి. పొట్టుతో వేయించిన చెనక్కాయలు, బొరుగులు టేబుళ్ళ మీద పోద్దాం, అవి నేను తెస్తాను, సైనప్ షీట్‌లో నా పేరు రాసుకోండి. ప్రొద్దుటూరు పెద్దాయన ఈసారీ వస్తున్నారట. ఆయన పక్క కుర్చీ నాకు ఉంచండి.