సిగ్నల్ ఉంటే చదువు వస్తుందా?

కరోనా రోజుల్లో ఆన్‌లైన్ పాఠాలు బుర్రకెక్కకపోతే అందరమూ సిగ్నల్‌నే తిట్టుకున్నాం. ఫోను లేదు, డేటా చాలదు, ఇంట్లో కూర్చునే చోటు లేదు. అన్నీ నిజాలే. అవి తీరిపోతే మార్కులు తగ్గకుండా ఉంటాయా అన్నదే అసలు ప్రశ్న.

అమెరికాలో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ 2020లో దీన్ని పరీక్షించింది. ఆర్థికశాస్త్రం ప్రాథమిక కోర్సు విద్యార్థుల్లో ఎవరు తరగతి గదికి వెళ్లాలో, ఎవరు ఆన్‌లైన్‌లో వినాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. అందరి బసా ఒకే ప్రాంగణంలో. కంప్యూటర్లకు, ఇంటర్నెట్‌కు కొరత లేదు. అయినా ఆన్‌లైన్ వారి ఫలితాలు తగ్గాయి. అంతకుముందే చదువులో వెనకబడినవారు ఎక్కువ నష్టపోయారు. అధ్యాపకులతో, తోటివారితో దగ్గరితనం లేదనీ, మనసు నిలవలేదనీ వాళ్లే చెప్పారు. సైనిక క్రమశిక్షణలో ఉన్నవారి సంగతే ఇదైతే, పగలంతా దుకాణంలో నిలబడి రాత్రి పుస్తకం తెరిచే మన దూరవిద్య విద్యార్థి మాటేమిటి?

పైగా మార్కులు చెప్పేది పరీక్ష రాసినవారి కథే. అమెరికాలోని ఎమ్‌ఐటీ, హార్వర్డ్ విశ్వవిద్యాలయాలు ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదికలో అందించిన కోర్సుల్లో 2017-18లో చేరినవారిలో పూర్తి చేసింది 3.13 శాతం. సరదాగా చేరినవారూ వీరిలో ఉంటారు, నిజమే. కానీ పాఠం చెప్పింది అంత పేరున్న సంస్థలైనా మిగిలింది ఇంతమందే కదా!

1982లో హైదరాబాదులో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించినవారికి ఈ లోటు ముందే తెలుసు. ఇప్పటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. పుస్తకాలు ఇచ్చి చేతులు దులుపుకోకుండా డిగ్రీ కళాశాలల్లో అధ్యయన కేంద్రాలు తెరిచి, అక్కడ అధ్యాపకుల చేత తరగతులు చెప్పించారు. ఇంటర్ లేనివారికీ ప్రవేశ పరీక్షతో డిగ్రీ తలుపు తెరిచారు. అలా చేరిన గృహిణి మార్కులను రెగ్యులర్ కళాశాల అమ్మాయి మార్కులతో పోల్చడం నా దృష్టిలో అన్యాయం. దూరవిద్య లేకపోతే ఆమెకు చదువే లేదు.

నా అభ్యంతరం మరోచోట ఉంది. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో చదవవచ్చని యూజీసీ 2021లో అనుమతించింది. అధ్యాపక ఖాళీలు నింపని కళాశాలకు ఇది మంచి సాకు. నష్టపోయేది మళ్లీ ఆ వెనక బెంచీ విద్యార్థే. అందుకే ప్రతి విశ్వవిద్యాలయం ఆన్‌లైన్, దూరవిద్య కోర్సుల ఉత్తీర్ణత శాతంతో పాటు ఎంతమంది చేరారో, ఎంతమంది పరీక్ష హాలుదాకా వచ్చారో కూడా ప్రకటించాలి.