మహారాజశ్రీ సేవా సర్టిఫికెట్ గారికి

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు గాజు ఫ్రేములో, హాలు గోడ మీద, దుమ్మూ ధూళీ తగలకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. తమ బంధువర్గం బ్యానరు, గ్రూప్ ఫోటో, వేదిక మీది మైకు కూడా కుశలమేనని వింటున్నాం.

ముందుగా తమరికి కృతజ్ఞతలు. సమాజం రుణం తీర్చుకోవాలంటే ఎంత తీర్చాలో, ఎప్పటికి తీరుతుందో తెలియక పాతకాలం వాళ్లు ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం చేస్తూనే పోయేవారు. పాపం. తమరు వచ్చి, ఎవరు ఎన్ని గంటలు సేవ చేశారో ఒంటి మీద రాసుకుని లెక్క తేల్చారు. కెనడాలోని ఒంటారియోలో హైస్కూలు గట్టెక్కాలంటే 40 గంటల సేవ. అమెరికాలోని మేరీల్యాండ్‌లో 75. మన కాలేజీల్లోని జాతీయ సేవా పథకం, అదే ఎన్.ఎస్.ఎస్.లో రెండేళ్లకు 240. రుణం ఒకటే, ఊరు మారితే వాయిదాలు మారతాయన్నమాట.

ఎన్.ఎస్.ఎస్. 1969లో మొదలైంది. దాని నినాదం ‘నేను కాదు, మీరు’. ఎంత గొప్ప మాట! ఆ మాట గొంతెత్తి పలికినవాళ్లే, తమ పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే ఆఫీసు చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు. తిరగాలి మరి. పేరున్న చోట ‘మీరు’ అని రాసుకెళ్తే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు.

ఒక్కటే చిక్కు. మాకు అప్పు పెట్టినవాళ్లెవరూ గంటలు రాసుకోలేదు. బడి వదిలాక కూర్చోబెట్టి లెక్కలు చెప్పిన మాస్టారు, అమ్మ కాన్పు కష్టమైతే రక్తమిచ్చి పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయిన మనిషి... వీళ్ల ఇళ్లలో వెతికినా తమరు దొరకరు. వాళ్లూ 40 దగ్గర ఆగిపోయి ఉంటే, మాలో చాలామందికి ఈ ఉత్తరం చదివేంత అక్షరజ్ఞానం ఉండేది కాదు.

తమరి మహిమ చూడాలంటే పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే చోటికి వెళ్లాలి. ఒక అన్న వారానికి రెండు సాయంత్రాలు వస్తాడు. మంచివాడే. భిన్నాలు మొదలుపెడతాడు. సగం, పావు, ముప్పావు అయిపోతాయి. హారాలు వేరువేరుగా ఉంటే ఎలా కూడాలో చెప్పాల్సిన రోజుకు ఆయన గంటలు నిండిపోతాయి. తర్వాతి వారం కొత్త అన్న. ఈయనా సగం, పావు దగ్గరే మొదలుపెడతాడు, ఎందుకంటే పాత అన్న ఎన్ని గంటలు చెప్పాడో తమరి మీద ఉంటుంది కానీ, ఎక్కడ ఆపాడో ఉండదు. అక్కడ చదువుకునే ఒక పిల్లకు సగం, పావు ఎంత బాగా వచ్చాయంటే నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అంతకంటే బాగా వచ్చింది పరిచయ కార్యక్రమం. పెద్దయ్యాక ఏమవుతావని వచ్చిన ప్రతి బృందమూ అడుగుతుంది. మొదట్లో డాక్టర్ అనేది. ఇప్పుడు వలంటీర్ అంటోంది. చప్పట్లన్నీ వాళ్లకే కొడుతున్నారు కదా!

తమరి మీద మూడు సంతకాలుంటాయి. అధ్యక్షుడిది, కార్యదర్శిది, సమన్వయకర్తది. సాయం అందుకున్న మనిషికి గీతే లేదు. ఉంటే వృద్ధాశ్రమంలో ఏ ముసలమ్మో ఇలా రాసి ఉండేది: ‘గోడకు రంగు బాగుంది. పైకప్పు కారుతోందని చెప్పబోయాను. ఫోటోకి టైమైందన్నారు.’

కృతజ్ఞతకు సీజన్ నేర్పింది కూడా తమరే. డిసెంబరు 5 అంతర్జాతీయ వలంటీర్ల దినోత్సవం, 1985లో ఐక్యరాజ్యసమితి పెట్టింది. జూన్ 14 ప్రపంచ రక్తదాతల దినోత్సవం. ఆ రోజు శిబిరాల్లో మంచాలు ఖాళీ ఉండవు. రక్తం మాత్రం దినోత్సవాల మాట వినదు. ఎర్రకణాలు నిల్వ ఉండేది 42 రోజుల దాకా, ప్లేట్‌లెట్లు మామూలుగా 5 రోజులే. జూన్ 14న ఇచ్చిన ఎర్రకణాలు ఆగస్టులో ప్రమాదం జరిగినవాడికి అందవు. తమరితో సంబంధం లేకుండా, నిజంగా గుండె కరిగి ఇచ్చినప్పుడూ ఈ ఇబ్బంది ఉంది లెండి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో జనం అవసరానికి మించి రక్తం ఇచ్చారు, కొంత వాడకుండానే పారబోయాల్సి వచ్చింది. వాళ్లను ఏమీ అనలేం. ‘ఇప్పుడు వద్దు, రెండు నెలలాగి రండి’ అంటే మాత్రం వెళ్లి మళ్లీ వచ్చేది ఎందరు?

తమరి అభిమానులు చదవకూడని పరిశోధన ఒకటుంది. 1999లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించారు. సేవ మీద పెద్దగా ఆసక్తి లేని విద్యార్థులతో దాన్ని తప్పనిసరిగా చేయిస్తే, ఇష్టమైతే చేయమన్నవాళ్ల కంటే వీళ్లలో ముందుముందు చేద్దామన్న ఉద్దేశం తక్కువగా కనిపించిందట. బలవంతాన చేసిన పని మళ్లీ ఎవరు చేస్తారు?

తమరి కోసం వచ్చి, తమరిని మరిచిపోయి ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ పుణ్యం తమదే, కాదనను. వాళ్లను గుర్తుపట్టడం తేలిక. స్టోర్ రూమ్ తాళం ఎక్కడుంటుందో వాళ్లకు తెలుసు. ఏ తాతకు ఏ చెవి వినపడదో తెలుసు. ఫోటోలో ఉండరు, ఎందుకంటే ఆ టైముకి వాళ్లు కుర్చీలు సర్దుతుంటారు. వాళ్ల సర్టిఫికెట్లు ఇంకా ఆఫీసు సొరుగులోనే ఉన్నాయి, ఎవరూ వచ్చి తీసుకోలేదు.

తమరు రద్దు కావాలని నేను కోరను. చిన్న మనవి, అంతే. తమ వెనకవైపు ఖాళీగా ఉంది కదా, అక్కడ రెండు గడులు వేయించుకోండి. ‘పని ఎక్కడ ఆగింది’ అని ఒకటి. ‘ఇక ఎవరు చూసుకుంటారు’ అని ఇంకొకటి. అవి నింపనిదే ముందువైపు సంతకం పడకూడదు. బంగారు అంచు అలాగే ఉంచుకోండి, దాని జోలికి రాం.

ఇట్లు
తమ విధేయుడు

తా.క.: పైకప్పు ఇంకా కారుతూనే ఉంది. ఆదివారం పొద్దున నిచ్చెన పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. గంటలు వేయబడవు.