మనోబలం గారికి, కోపంతో

గౌరవనీయులైన మనోబలం గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. మీకేంలెండి, మీకు కీళ్లు లేవు కదా.

నిన్న మధ్యాహ్నం డాక్టర్ గారి గది బయట మూడు గంటలు కూర్చున్నాను. నా నంబరు పిలిచేసరికి మోకాళ్లు బిగుసుకుపోయాయి, నేను లేచి నిలబడేలోపు తర్వాతి నంబరు లోపలికి వెళ్లిపోయింది. ఎట్టకేలకు వెళ్తే ఆయన రిపోర్టు చూసి, "ఈఎస్సార్ తగ్గలేదే. కొంచెం మనోబలం పెంచుకోవాలమ్మా" అన్నారు. ఈఎస్సార్ అంటే ట్యూబులో నిలబెట్టిన రక్తంలో ఎర్ర కణాలు గంటకి ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయన్న లెక్క; ఎంత ఎక్కువ దిగితే ఒంట్లో వాపు అంత ఉందని అనుమానం. ఆ ట్యూబు పక్కన కూర్చుని వాటిని పడిపోకుండా పట్టుకునేది మీరేనని నాకిన్నాళ్లూ తెలీదు సుమండీ.

కొండ చివర చేతులు చాచి నిలబడ్డ మీ పోస్టరు గురించి, తెల్లవారకముందే సూర్యుడి బొమ్మతో దిగే మీ వాట్సాప్ సూక్తుల గురించి ఇప్పుడు మాట్లాడను.

అసలు సంగతికొస్తాను. నాది రుమటాయిడ్ ఆర్థరైటిస్. నన్ను కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నా కీళ్ల పొరని శత్రువనుకుని మీద పడుతుంది. లోపల బలం చాలక వచ్చిన జబ్బు కాదండీ ఇది, ఉన్న బలం దారితప్పి వచ్చింది. దాన్ని అణచడానికే మందు. ఆ మందు మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మర్నాడంతా వికారం, లివర్ ఎలా ఉందో చూడ్డానికి మాటిమాటికీ రక్తపరీక్ష. ఇంత చాకిరీ అది చేస్తే, నాలుగు రోజులు నేను బాగా నడవగానే "చూశావా, మనోబలం అంటే అదీ!" అని దండ మీ మెడలో వేస్తారు. ఐదో రోజు వేళ్లు వాస్తే "నువ్వే డీలాపడ్డావు" అని నాకు చీవాట్లు. బాగుంటే మీ గొప్ప, బాగోకపోతే నా తప్పు! ఇంత సుఖమైన ఉద్యోగం ఇంకెవరికైనా ఉందా?

నిన్న రాత్రే ఆ మాత్ర వేసుకోవాల్సింది. షీటు తీసి బొటనవేలితో నొక్కాను. రేకు చిరగదు. వేళ్లు పనిచేయడానికి ఇచ్చే మందుని, వేళ్లు బాగా పనిచేసేవాళ్లకే దక్కేలా ప్యాక్ చేసిన మహానుభావుడెవరో! కత్తెర పట్టుకుంటే జారిపోయింది. రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కితే మాత్ర ఎగిరి మంచం కిందికి దొర్లింది, నాకేమో వంగడం రాదు. అప్పుడు ఎక్కడ చచ్చావు నువ్వు? అవును, నువ్వే. ఇక గారూ లేదు, గీరూ లేదు.

మంచం అంచున కూర్చుని ఏడ్చాను. బాగానే ఏడ్చాను. తర్వాత ముక్కు చీదుకుని, చెంచా కాడతో రేకుని పొడిచి ఇంకో మాత్ర తీసుకుని మింగాను.

అది నువ్వేనా? నువ్వే అయితే ఆ పోస్టరు మార్పించుకో, అందులో మొహం నీది కాదు. వచ్చే వారం మళ్లీ ఇదే రాత్రి ఉంది, కాస్త ముందుగా తగలడు.

ఇట్లు,
మంచం కింద మాత్ర ఇంకా దొరకని మనిషి