మా గల్లీ శోష్ ఖడ్డా గారికి

మహారాజశ్రీ శోష్ ఖడ్డా గారికి, మహారాష్ట్ర ధర్మాబాద్ తాలూకాలోని మీ పొరుగింటివాడు నమస్కరించి రాయునది. సరిహద్దు అవతల తెలంగాణలో మిమ్మల్ని ఇంకుడు గుంత అంటారు. పేరులో ఇంకడం ఉందని గుర్తు చేస్తున్నాను, అంతే.

నేను క్షేమం. మీరు క్షేమమని నిన్న కళ్లారా చూశాను.

పని పూర్తయినట్టు ఫొటో తీయడానికి సార్ వస్తున్నారు, పదకొండింటికల్లా ఇంటికొకరు గుంత దగ్గర ఉండాలని కబురొచ్చింది. వేపచెట్టు కింద కూచున్నాం. మూడున్నరకి వచ్చారు. ఫోను ఎత్తి, మీకేసి చూసి మొహం చిట్లించారు. "ఎండిపోయి ఉందేంటి? నీళ్లు ఇంకుతున్నట్టు కనబడాలి కదా!" మే నెలలో వాన ఎక్కణ్నుంచి తెస్తాం సార్ అని ఎవరో గొణిగారు. "రెండు బిందెలు పోయండి, చాలు."

పోశాం.

బిందెలు మావి. అందులో నీళ్లు పొద్దున ట్యాంకర్ పైపు దగ్గర తోపులాటలో మా ఆవిడ పట్టినవి. ఆ ట్యాంకర్ నింపింది పక్క శివారులో ఒక బోరు దగ్గర. అంటే భూమిలోంచి కరెంటుతో తోడి, డీజిలు తగలేసి తెచ్చి, జుట్లు పట్టుకుని పట్టి, మళ్లీ భూమికే పోశాం. భూగర్భ జలాల పెంపు అంటే ఇదని నాకు నిన్ననే తెలిసింది.

పోనీ తాగారా? తమరు నల్లరేగడిలో కొలువున్నారు. తడి తగిలితే ఉబ్బి పగుళ్లు మూసుకునే మట్టి అది, పశువులు కాసే పిల్లాడికీ తెలుసు. దాన్ని దాటి మొరం తగిలేదాకా తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, ఆపైన ఇసుక పోయాలి. మిమ్మల్ని మోకాలి లోతు తవ్వి, రాళ్లు రేపొస్తాయన్నారు. ఆ రేపటికి రెండేళ్లు. బోర్డు మాత్రం అదే రోజు వచ్చింది. దానికి సిమెంటు పునాది వేశారు, మీకన్నా లోతుగా.

ఇక మర్యాద నా వల్ల కాదు. రెండు బిందెలురా! మా అమ్మ బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టికి, ఒళ్లు కడిగిన నీళ్లు నిమ్మచెట్టుకి పంపుతుంది. నేను తల తడిపి నాలుగు రోజులైంది. నువ్వు ఫొటో కోసం స్నానం చేశావు! ఇదే నాందేడ్ జిల్లా టెంభుర్ణిలో మీవాళ్లు ఇంటింటి వాడుక నీళ్లూ మింగి, వీధి కాలువల్నీ దోమల్నీ లేకుండా చేశారు. నువ్వు దోమల్ని సాకుతున్నావు.

గోదావరి ఉందిగా అనకు. దాని మీద మా బాభళి బ్యారేజీ గేట్లు జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఎత్తే ఉంచాలని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. వానలు పడే ఆ నాలుగు నెలలూ మాకు దర్శనమే, తీర్థం లేదు.

నిజానికి నిన్నొక్కణ్నే అనకూడదు. సాగు కోసం 60 మీటర్లు దాటి బోరు వేయొద్దని మా రాష్ట్రంలో 2009 నాటి చట్టం ఉంది. అంటే సుమారు 200 అడుగులు. నేను 480 వేయించాను. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు రిగ్గు రాత్రంతా మోగింది. ఊరంతా విన్నది, చట్టానికొక్కదానికే వినబడలేదు. తెల్లారేసరికి నల్లరాతి పొడి కుప్ప మిగిలింది. ఇన్నేళ్లలో ఆ రాయికి నేను ఒక చెంబెడు నీళ్లు పంపిన పాపాన పోలేదులే.

సార్ బండి మలుపు తిరగ్గానే మా అమ్మ చెంబుతో నీలోకి దిగింది. బురదతో కలిపి ఒకటింబావు బిందె తోడి నిమ్మచెట్టుకి పోసింది. మిగతా ముప్పావు నీ ఖాతాలో రాసుకున్నాను. మృగశిర రాకముందే వసూలుకి వస్తాను. గడ్డపార తెస్తాను, కాస్త కాళ్లు ముడుచుకో.

ఇట్లు,
రెండు బిందెల దాత