ఒక్క భాగం మార్చి చూడండయ్యా!

ఆదివారం వస్తే నల్లగొండలో మా వాడకట్టు పిల్లలకు బేబ్లేడ్ ఎక్స్ పోటీలే, అంటే భాగాలు బిగించి తిప్పే బొంగరాల ఆట. ఆడనీ, నాకూ ఇష్టమే. నా బాధంతా ఆట అయ్యాక చెప్పే తీర్పులతోనే. "డ్రాన్ సోర్డ్ కంటే విజార్డ్ యారో బ్లేడే గొప్ప" అని రెండు బొంగరాల పై భాగాలను పోల్చి తేల్చేస్తారు. ఎట్లా తేల్చారు? డ్రాన్ సోర్డ్ కింద 3-60 రాచెట్ (నడిమి భాగం), ఫ్లాట్ బిట్ (కింద నేలకు తగిలే మొన). విజార్డ్ యారో కింద 4-80, బాల్ బిట్. మూడు భాగాలూ వేరైనప్పుడు గెలిపించింది బ్లేడో బిట్టో ఎవరికి తెలుసు? ఫ్లాట్ ఉన్నది ఉరికి గుద్దడానికి, అందుకే తొందరగా అలసిపోతుంది. బాల్ నింపాదిగా ఎక్కువసేపు తిరుగుతుంది. రాచెట్ మీది 60, 80 అంటే ఎత్తు. అది మారితే దెబ్బ తగిలే చోటే మారిపోతుంది.

ఇంకా ఘోరం ఏమిటంటే, స్టేడియం (బొంగరాలు తిప్పే గిన్నె లాంటి పళ్లెం) లేకుండా షాబాద్ బండల మీద తిప్పి ఫలితం చెప్పడం. బిట్‌కున్న పళ్లు స్టేడియం అంచున ఉండే పళ్ల పట్టాను పట్టుకుంటేనే కదా ఆ ఎక్స్‌ట్రీమ్ డ్యాష్, అంటే ఒక్కసారిగా దూసుకుపోయే వేగం, వచ్చేది! పట్టాయే లేకపోతే డ్రాన్ సోర్డ్ లాంటి దాడి రకం ఓడిపోక ఏం చేస్తుంది? ఈ తీర్పులు నమ్మి ఒక చిన్నోడు తన డ్రాన్ సోర్డ్‌ను అటక మీద పడేశాడు. నాకు కడుపు మండింది.

వీటికితోడు బజారులో దొరికే నకిలీలు. అసలు బ్లేడుకూ దానికీ బరువే కలవదు, కానీ రెండిటినీ ఒకే పేరుతో పోల్చేస్తారు. లాంచర్ (బొంగరాన్ని తిప్పి వదిలే పరికరం) ఒకటే, లాగే చెయ్యి ఒకటే, స్టేడియం ఒకటే ఉంచి, ఒక్క భాగం మార్చి పదేపదే తిప్పండి. అప్పుడు చెప్పండి, వింటాను.